కండువా మారినంత తేలిగ్గా పగ మారదు

చేవెళ్ల లోక్‌సభ స్థానంలో 2019లోనూ, 2024లోనూ ప్రధానంగా తలపడింది ఆ ఇద్దరే. మొదటిసారి కొండా విశ్వేశ్వర్ రెడ్డి కాంగ్రెస్, రంజిత్ రెడ్డి టీఆర్‌ఎస్. రెండోసారి విశ్వేశ్వర్ రెడ్డి బీజేపీ, రంజిత్ రెడ్డి కాంగ్రెస్. అంతకు ముందు 2014లో విశ్వేశ్వర్ రెడ్డి గెలిచింది టీఆర్‌ఎస్ టికెట్ మీద. వికారాబాద్, తాండూరు, పరిగి ఈ స్థానం కిందికే వస్తాయి. అక్కడి కాంగ్రెస్ కార్యకర్త ఒకసారి ఎవరిని ఓడించమని గడప గడపా తిరిగాడో, ఐదేళ్లకు ఆయననే గెలిపించమని అవే గడపలెక్కాడు.

తాండూరు అసెంబ్లీ కథ ఇంకా రంజు. తెలుగుదేశం నుంచి వచ్చిన పట్నం మహేందర్ రెడ్డి 2014లో టీఆర్‌ఎస్ మంత్రి అయ్యారు. 2018లో ఆయనను ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి పైలట్ రోహిత్ రెడ్డి మరుసటి ఏడాదే టీఆర్‌ఎస్‌లో చేరారు. గెలిచినవారూ ఓడినవారూ ఒకే గూటి కిందికి వచ్చారు. మహేందర్ రెడ్డి 2023లో బీఆర్‌ఎస్ (టీఆర్‌ఎస్ కొత్త పేరు) ప్రభుత్వంలో మళ్లీ మంత్రి అయ్యారు, 2024 నాటికి కాంగ్రెస్ సర్కారుకు మండలిలో చీఫ్ విప్. 2018లో కొడంగల్‌లో రేవంత్ రెడ్డిని ఓడించిన ఆయన సోదరుడు నరేందర్ రెడ్డి మాత్రం బీఆర్‌ఎస్‌లోనే ఉండిపోయారు.

నాయకులు పార్టీలు మారడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. వాళ్ల కోసం ఊళ్లలో మాటలు మానుకున్న అన్నదమ్ములు, ఒకరింటి పెండ్లికి ఒకరు పోని పాలివాళ్లు ఏం కావాలన్నదే ఇక్కడి ప్రశ్న. పైన రాజీ కుదిరిన సంగతి వీళ్లకు టీవీలో తెలుస్తుంది. కింద రాజీ కుదిర్చేవారు ఎవరూ ఉండరు.

మనుషులు ఇంత సులభంగా రెండు జట్లుగా ఎందుకు విడిపోతారు? యూదు కావడం వల్ల నాజీల చేతిలో తనవాళ్లను పోగొట్టుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ టాజ్‌ఫెల్‌ను తొలిచిన ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆయన బడిపిల్లలపై చేసిన ప్రయోగాల ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. తెర మీది చుక్కలు ఎన్నో అంచనా వేయమని, ఆ సాకుతో పిల్లలను రెండు జట్లు చేశారు. పాత పగలు లేవు, సొంత లాభం లేదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టు వైపే మొగ్గారు. విచిత్రం ఏమిటంటే, అవతలి జట్టు కంటే పైన ఉండటం కోసం తమ జట్టుకు వచ్చేదాంట్లో కొంత తగ్గినా పర్వాలేదనుకున్నారు. చుక్కలకే ఇంత జరిగితే, జెండాలు, కాంట్రాక్టులు, కులం, పాత కేసులు తోడైన చోట ఎంత జరగాలి!

అసలు నష్టం ఏమిటో లగచర్ల చూపించింది. వికారాబాద్ జిల్లా దుద్యాల మండలంలో ఫార్మా విలేజ్‌కు భూములు సేకరించాలనుకున్నారు. 2024 నవంబరు 11న అభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టర్‌ను, అధికారులను గ్రామస్థులు అడ్డుకున్నారు. అధికారులపై దాడి జరిగింది, కార్ల మీద రాళ్లు పడ్డాయి. అధికార పక్షం దాన్ని బీఆర్‌ఎస్ కుట్ర అంది. బీఆర్‌ఎస్ రైతుల తిరుగుబాటు అంది. నరేందర్ రెడ్డితో పాటు పలువురు రైతులు అరెస్టయ్యారు. జైల్లో జబ్బుపడ్డ ఒక గిరిజన రైతును సంకెళ్లతో ఆసుపత్రికి తీసుకెళ్లిన దృశ్యం డిసెంబరులో రాష్ట్రమంతా చూసింది.

ఈ రచ్చలో ఎకరాకు ఎంత ఇస్తారు, నీళ్లు ఎక్కడికి పోతాయి, భూమి పోయినవాడికి ఏ పని దొరుకుతుంది అన్న ప్రశ్నలు పక్కకు పోయాయి. బీఆర్‌ఎస్ హయాంలో రంగారెడ్డి జిల్లా ముచ్చర్ల ఫార్మా సిటీ భూసేకరణను వ్యతిరేకించింది కాంగ్రెస్. అప్పుడు అభివృద్ధి అన్నవారు ఇప్పుడు కాలుష్యం అంటున్నారు, అప్పుడు కాలుష్యం అన్నవారు ఇప్పుడు అభివృద్ధి అంటున్నారు. చివరకు ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి పోయి, పారిశ్రామిక పార్కు పేరుతో మరొకటి వచ్చింది.

'మనం, వాళ్లు' అనే మాట ప్రతిసారీ బూటకమని కాదు. 1969లో తెలంగాణ యువకులు రోడ్డెక్కింది ఉద్యోగాల కోసం, ఉల్లంఘనకు గురైన రక్షణల కోసం. అందులో నిజం ఉంది. 369 మంది ప్రాణాలిచ్చారన్నది ఉద్యమకారుల లెక్క. ఆ ఉద్యమాన్ని నడిపిన తెలంగాణ ప్రజా సమితికి నాయకత్వం వహించింది వికారాబాద్ నుంచి, తర్వాత తాండూరు నుంచి అసెంబ్లీకి వెళ్లిన మర్రి చెన్నారెడ్డే. 1971లో సమితి 10 లోక్‌సభ స్థానాలు గెలిచింది, ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1978లో చెన్నారెడ్డి సమైక్య ఆంధ్రప్రదేశ్‌కే ముఖ్యమంత్రి అయ్యారు. నాయకుడికి పదవి దొరికింది. అడిగిన ప్రశ్న మాత్రం 2014లో తెలంగాణ ఏర్పడేదాకా జవాబు కోసం ఎదురుచూసింది.

తాండూరు వాళ్లకు సరిహద్దు గీతల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1956 దాకా ఈ తాలూకా, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు వేరైనా సేడం, చించోళి వైపు చుట్టరికాలు తెగలేదు. బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ నడుస్తాయి, కందుల ధర మీద బేరం ఏ భాషలోనైనా సాగుతుంది. రాష్ట్ర సరిహద్దు చేయలేని పనిని పార్టీ కండువా చేస్తోంది.

సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. 2025 డిసెంబరులోనూ అలాగే జరిగాయి. గుర్తు లేకపోయినా గెలిచినవారు ఏ పార్టీ ఖాతాలో పడతారో మొదటి రోజే లెక్క తేలిపోయింది. కనీసం గ్రామసభకైనా కండువాలు ఇంటి దగ్గర వదిలి వెళ్లండి. అక్కడ లేచి మాట్లాడేవారిది ఏ పార్టీ అని పక్కవారిని అడగకండి. ఎన్ని ఎకరాలు, ఎంత ధర, ఎవరికి ఉద్యోగం అని వేదిక మీద ఉన్నవారిని అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.