చేసి చూద్దాం: అరచేతిలో ఇసెట్టా

బాలలూ!

ఈ నెల మనం ఒక కారు చేద్దాం. ఇది వూరికే ఊహించి చేసే బొమ్మ కారు కాదు. పెద్దవాళ్ళు నిజంగా ఎక్కి తిరిగిన ఒక బుల్లి కారుకు సరి అయిన కొలతలతో చేసే నమూనా. ఆ కారు పేరు ఇసెట్టా. పని మొదలు పెట్టేముందు దాని కథ కొంచెం తెలుసుకుందాం. ఒక వస్తువు ఎందుకు అలా వున్నదో తెలియకుండా దాని నమూనా చెయ్యడం, అర్థం తెలియకుండా పద్యం అప్పగించినట్టే వుంటుంది.

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఐరోపాలో అనేక పట్టణాలు కూలిపోయి వున్నాయి. జనం దగ్గర డబ్బు లేదు. పెద్ద కారు కొనే తాహతు చాలామందికి లేదు. పోనీ, మోటారు సైకిలు కొందామంటే, అక్కడి చలిలో, మంచులో దానిమీద ప్రయాణం చాలా కష్టం. మోటారు సైకిలుకు అయ్యే ఖర్చుతోనే, నెత్తిమీద కప్పుతో సహా, నడిచే బండి వుంటే ఎంత బాగుండును! ఈ అవసరంలోంచి పుట్టినవే మైక్రోకార్లు, అంటే అతి చిన్న కార్లు.

ఇటలీలో మిలాన్ నగరం దగ్గర బ్రెస్సో అనే వూళ్ళో ఈసో అనే కంపెనీ వుండేది. రిఫ్రిజిరేటర్లూ, స్కూటర్లూ చేసేవారు. దాని యజమాని రెంజో రివోల్టా. ఆ కంపెనీవారు 1953లో ఇసెట్టాను లోకానికి చూపించారు. ఇసెట్టా అంటే వాళ్ళ భాషలో ‘చిన్న ఈసో’ అని అర్థం. దాన్ని రూపొందించిన ఎర్మెనెగిల్డో ప్రేతి విమాన నిర్మాణం తెలిసిన ఇంజనీరు. 1955లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. కంపెనీ అనుమతి తీసుకుని, తన మోటారు సైకిలు ఇంజను అందులో పెట్టి, ఇసెట్టాలు తయారు చెయ్యసాగింది. 1956లో సూయజ్ కాలువ మూతపడి ఐరోపాలో పెట్రోలుకు కరువు వచ్చినప్పుడు ఇలాంటి కార్లకు గిరాకీ బాగా పెరిగింది. 1962లో ఆపేసేనాటికి బి.ఎం.డబ్ల్యు. 1 లక్షా 61 వేలకు పైగా ఇసెట్టాలు చేసింది.

ఈ కారు పొడవు సుమారు 228 సెంటీమీటర్లు, వెడల్పు 138, ఎత్తు 134. మన వీధుల్లో తిరిగే ఆటోరిక్షా కంటె కూడా కురచ! ఇంజనుకు ఒకటే సిలిండరు. 247 ఘన సెంటీమీటర్లు, 12 గుర్రాల బలం. అయినా గంటకు 85 కిలోమీటర్ల దాకా పోయేది.

ఇక నమూనా సంగతి. దీనికి విడి భాగాల కిట్లు దొరుకుతాయి. రెవెల్ కంపెనీ 1:16 కొలతలో ఒక కిట్టు చేసింది. 1:16 అంటే అసలు కారులో 16 సెంటీమీటర్లు వున్నది నమూనాలో 1 సెంటీమీటరు అవుతుందన్నమాట. అన్నిటినీ 16తో భాగించండి. పొడవు సుమారు 14 సెంటీమీటర్ల 3 మిల్లీమీటర్లు, వెడల్పు 8 సెంటీమీటర్ల 6 మిల్లీమీటర్లు, ఎత్తు 8 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్లు వస్తుంది. అరచేతిలో పట్టిపోతుంది.

మరి బరువో? అసలు కారు సుమారు 350 కిలోలు. నేను బడిలో ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా పిల్లలు తడుముకోకుండా ‘పదహారో వంతు’ అనేవారు. అది సరికాదు. ఎందుకో చక్కెర బిళ్ళలతో చూడండి. ఒక బిళ్ళకు పొడవులో, వెడల్పులో, ఎత్తులో రెండింతలు వుండే దిమ్మ కట్టాలంటే 2 బిళ్ళలు చాలవు, 8 కావాలి. అంటే 2×2×2. అలాగే మన కారు 16×16×16, అనగా 4096వ వంతు అవుతుంది. అసలు కారులోని ఇనుమూ, అద్దమూ, రబ్బరూ వాటితోనే నమూనా చేసినా, అది సుమారు 85 గ్రాములే తూగుతుంది! పొడవు ఒక రకంగా తగ్గుతుంది, బరువు మరొక రకంగా తగ్గుతుంది. ఈ సంగతి మనకు రంగు వేసేటప్పుడు కూడా పనికివస్తుంది.

పెట్టె తెరవగానే జిగురు సీసా మూత తియ్యకండి. మొదట సూచనల కాగితం ఆసాంతం చదవండి. భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు, కొమ్మకు కాయల్లాగా అంటుకుని వుంటాయి. ఒక్కొక్క భాగం పక్కనా నెంబరు వుంటుంది. చట్రాలను సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి వచ్చేటప్పుడు అంటుకున్న జిడ్డు పోతుంది. జిడ్డుమీద రంగు నిలవదు.

కాయను తుంపినట్టు భాగాలను చేత్తో తుంపకూడదు. చిన్న కత్తెర శ్రావణంతో, భాగానికి కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్కను సన్నని గరుకు కాగితంతో రుద్దండి. అప్పుడు కావలసినవి మాత్రమే కత్తిరించండి. అన్నీ ఒకేసారి కత్తిరించి కుప్ప పోస్తే ఏది ఎక్కడిదో తెలియదు. రెండు భాగాలు అతికేముందు, జిగురు లేకుండా కలిపి చూడండి. సరిగా కూర్చున్నాయా? సందు వుంటే మళ్ళీ రుద్దండి. ప్లాస్టిక్ జిగురు మన ఇంట్లో కాగితాలకు రాసే బంక వంటిది కాదు. అది రెండు అంచులనూ కొంచెం కరిగించి ఒకటిగా చేస్తుంది. కనుక చుక్కలో పావు వంతు చాలు. ఎక్కువైతే కారు తలుపే కరిగిపోతుంది.

మొదట అడుగు చట్రమూ, చక్రాలూ. ఇక్కడ కొంచెం ఆగండి. ముందు చక్రాల మధ్య దూరం 120 సెంటీమీటర్లు. వెనక చక్రాల మధ్య దూరం 52 సెంటీమీటర్లే. ఎందుకలా? కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం పోవాలి. ఒక పూర్తి చుట్టు తిరిగితే ఎంత ఎక్కువ? చక్రాల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి 22/7తో గుణించండి. దూరం 120 సెంటీమీటర్లయితే 754 సెంటీమీటర్లు ఎక్కువ. 52 అయితే 327 మాత్రమే. మామూలు కార్లలో రెండు చక్రాలూ వేరు వేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె వుంటుంది. ఇసెట్టా వెనక చక్రాలు దగ్గర దగ్గరగా వుండబట్టి ఆ పెట్టె అవసరమే లేకపోయింది. బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది.

తరువాత ఇంజను. అది సీటు వెనక, కుడివైపున కూర్చుంటుంది. జర్మనీలో కారు నడిపే మనిషి ఎడమవైపు కూర్చుంటాడు గనక తూకం సరిపోతుంది. 1957 నుంచి ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో కూడా ఇసెట్టాలు చేశారు. ఆ కర్మాగారానికి రోడ్డు దారి లేదు. సామాను రైలులో వచ్చేది, తయారైన కార్లు రైలులోనే పోయేవి. అక్కడ వెనక ఒకే చక్రం పెట్టి మూడు చక్రాల బండిగా చేస్తే పన్ను తక్కువ. కాని ఆ దేశంలో నడిపేవాడు మనలాగే కుడివైపు కూర్చుంటాడు. ఇంజనూ కుడివైపే, మనిషీ కుడివైపే! మరి తూకం? ఎడమవైపున సుమారు 27 కిలోల బరువు ఒకటి అమర్చవలసి వచ్చింది.

ఇప్పుడు తలుపు. ఇసెట్టాకు పక్కన తలుపులు లేవు. ముందుభాగం అంతా రిఫ్రిజిరేటరు తలుపులాగా తెరుచుకుంటుంది. స్టీరింగు చక్రం కూడా తలుపుతోబాటే బయటికి జరుగుతుంది. కారును రోడ్డు అంచుకు ఎదురుగా నిలిపి, తలుపు తెరిచి, తిన్నగా కాలిబాటమీదికే దిగవచ్చును. మరి ముందు ఏదైనా అడ్డుపడి తలుపు తెరుచుకోకపోతే? కప్పుకు పెట్టిన గుడ్డను మడిచి పైనుంచి బయట పడవచ్చును. ఈ తలుపు కీళ్ళు అతికేటప్పుడు తొందరపడకండి. కీలు నడిమికి జిగురు పోతే తలుపు ఇక తెరుచుకోదు.

సీటు పెట్టి వెనక భాగం మూసేముందు, సీటు వెనక ఇంజను పక్కన వున్న ఆ కొంచెం చోటును ఒకసారి చూడండి. అక్కడ ఒక మనిషి పడతాడా? ‘పట్టడు’ అంటారు మీరు. 1964లో బెర్లిను కావలివాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

యుద్ధం తరువాత జర్మనీ రెండు దేశాలైంది. 1961లో తూర్పు జర్మనీ ప్రభుత్వం బెర్లిను నగరం మధ్య గోడ కట్టింది. తూర్పువైపు వున్నవాళ్ళు పడమటికి పోవడానికి వీలు లేదు. పారిపోబోయిన వాళ్ళను కాల్చి చంపిన సందర్భాలు ఎన్నో వున్నాయి. పడమటి బెర్లినులో క్లౌస్ గుంటర్ యాకోబి అనే యువకుడు వుండేవాడు. అతను కార్లు బాగుచేసే పని నేర్చినవాడు. గోడకు అవతల చిక్కుకుపోయిన స్నేహితుడు ఒకడు తనను దాటించమని అడిగాడు. యాకోబికి వున్నది ఒక ఇసెట్టా. అతను దాని ప్రతి భాగాన్నీ ఎరిగినవాడు. కారులో వేడి పుట్టించే సాధనాన్నీ, గాలి వడపోసే సాధనాన్నీ తీసేశాడు. 13 లీటర్ల పెట్రోలు టాంకి తీసి 2 లీటర్ల డబ్బా పెట్టాడు. అలా ఇక్కడ ఒక బెత్తెడు, అక్కడ ఒక బెత్తెడు మిగిల్చి, ఇంజను పక్కన మనిషి ముడుచుకుని పడుకునేటంత చోటు చేశాడు. 1964 మే నెలలో ఆ స్నేహితుడు అందులో దాగి సరిహద్దు దాటాడు. ఇంత చిన్న కారులో మనిషిని దాచారని ఎవరు అనుమానిస్తారు? తరువాత మరికొందరు కూడా ఇసెట్టాలలోనే దాగి గోడ దాటారు. ఆ గోడ 1989లో తెరుచుకున్నది.

చూశారా! అందరికీ చోటు లేదనిపించిన దగ్గర, కొలతలు తెలిసినవాడికి చోటు కనిపించింది. నమూనా చెయ్యడంవల్ల మనకు అలవడవలసినది ఈ చూపే. అల్మారాలో బొమ్మ నిలబెట్టుకోవడం దాని తరువాతి సంగతి.

ఇక రంగు. మనం వేసే పూత 0.2 మిల్లీమీటర్ల మందం వున్నదనుకోండి. దాన్ని 16తో గుణించండి: 3.2 మిల్లీమీటర్లు! అసలు కారుమీద రెండు రూపాయి బిళ్ళలు దొంతి పెట్టినంత మందాన రంగు పూసినట్టు అవుతుంది. తలుపు గీతలు, దీపాల అంచులు అన్నీ పూడిపోతాయి. కనుక రంగు పలచగా కలిపి, ఒక పూత పూర్తిగా ఆరాక మరొకటి, అలా మూడు పూతలు వెయ్యండి. అద్దాలకు ప్లాస్టిక్ జిగురు వాడితే మరకలు పడతాయి. కొయ్య పనికి వాడే తెల్లని జిగురు సన్నని పుల్లతో అంచుల వెంట రాయండి. అది ఆరాక కనబడదు.

కిట్టు కొనే వీలు లేని వాళ్ళు చిన్నబుచ్చుకోవద్దు. అసలైన పాఠానికి పైసా ఖర్చు లేదు. మీ ఇంటి ముంగిట్లో ముగ్గుతో 228 సెంటీమీటర్ల పొడవు, 138 సెంటీమీటర్ల వెడల్పు గల గడి గీయండి. ముందు అంచున తలుపు గీతా, వెనక కుడిపక్కన ఇంజనుకు ఒక చిన్న చదరమూ వెయ్యండి. మీరూ, మీ చెల్లో తమ్ముడో మధ్యలో పక్కపక్కన కూర్చోండి. మూడోవారిని ఇంజను పక్కన ముడుచుకోమనండి. యాకోబి ఎంత ఆలోచించి వుంటాడో అప్పుడు తెలుస్తుంది. తరువాత అవే కొలతలను 16తో భాగించి అట్టముక్కలతో కారు కట్టండి. చక్రాలకు సీసా మూతలు సరిపోతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. జిగురూ, రంగూ వాడేటప్పుడు కిటికీలు తెరిచి వుంచండి. దగ్గర దీపం గాని పొయ్యి గాని వుండకూడదు. పదునైన కత్తి వాడవలసి వస్తే పెద్దవాళ్ళు పక్కన కూర్చోండి. అయితే, పిల్లవాడి చేతిలోంచి పని లాక్కుని మీరు పూర్తి చెయ్యకండి. చక్రం వంకరగా అతికితే అతికిందనుకోండి. ‘ఎందుకు వంకర వచ్చింది?’ అని అడగండి, చాలు. రెండో చక్రం తిన్నగా వస్తుంది.

ఈ నెల లెక్కలు:

1. ఇసెట్టా నమూనాను 1:24 కొలతలో చేస్తే పొడవు ఎంత వుంటుంది?

2. 168 సెంటీమీటర్ల ఎత్తు మనిషి 1:16 కొలతలో ఎంత ఎత్తు వుంటాడు? నమూనా కారు పక్కన అతన్ని నిలబెడితే తల కప్పుకు ఎంత పైన వుంటుంది?

3. 1:16 నమూనాకు పట్టే రంగుతో పోలిస్తే, అసలు కారుకు అదే మందాన రంగు వెయ్యాలంటే ఎన్ని రెట్లు కావాలి? 16 రెట్లా, 256 రెట్లా, 4096 రెట్లా? జవాబుతోబాటు కారణం కూడా రాయండి. చక్కెర బిళ్ళలు దగ్గర పెట్టుకుంటే సులువు. జవాబు చూసుకున్నాక తినవచ్చును.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మాస్టారు