తల్లి ఒప్పుకుంటేనే!

మా చిన్నవాడు పదినెలలపాటు మా వీధి పిల్లలకు లెక్కలు చెప్పి నలభైవేలు కూడబెట్టాడు. మొన్న ఆదివారం కాఫీల వేళ ఆ రహస్యం బయటపెట్టి, ఆ డబ్బంతా ఒక్కరోజులో ఖర్చుచేసే ఉపాయం కూడా వెంటనే చెప్పాడు.

“కంప్యూటరు మార్చాలి నాన్నా. ఆట మంచి పట్టులో ఉండగా ఆగి ఆగి నడుస్తోంది.”

“ఆట ఆగితే చదువుకోవచ్చు గదా!” అన్నాను.

తండ్రి అన్నవాడు అనవలసిన మాటే అది. కాని వాడి ముఖం చూసి నాలిక కరుచుకున్నాను. నా మొదటి జీతంతో టేప్‌రికార్డరు కొన్ననాడు మా నాన్నగారు నన్నేమన్నారో జ్ఞాపకం వచ్చింది. ఆ టేప్‌రికార్డరు మూడోనెలలోనే మూలపడ్డ సంగతీ జ్ఞాపకం వచ్చింది. వీడి మొదటి సంపాదనకు ఆ గతి పట్టకూడదనుకున్నాను.

“సరే, చీటీ చూపించు” అన్నాను.

చీటీలో మూడు వస్తువులున్నాయి. రైజెన్ 5 7600 ప్రాసెసరు, బి650 రకం మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5 మెమరీ. మొత్తం నలభైవేలు దాటి పైకి పోయింది. ఆ పై సొమ్ము ఎక్కడినుంచి రావాలో వాడు చెప్పలేదు. నావైపు చూశాడంతే.

“ప్రాసెసరు ఒక్కటే మారిస్తే చాలదట్రా?”

“ఈ ప్రాసెసరు మన బోర్డులో కూర్చోదు నాన్నా. దీనికి తగ్గ బోర్డు కొంటే, అందులో మన పాత మెమరీ పట్టదు.”

“కోడలికోసం ఇల్లు మార్చి, ఇంటికోసం వీధి మార్చినట్టుంది!” అంది మా ఆవిడ లోపల్నుంచి.

వాడు చెప్పింది అబద్ధం కాదు. ప్రాసెసరు లెక్కలు చేసే బుర్ర అయితే, మదర్‌బోర్డు ఆ బుర్రనూ మిగతా అవయవాలనూ కలిపే పలక. తల్లి పేరు ఊరికే పెట్టలేదు. ఇంట్లో ఎవరు ఇమడాలో, ఎవరు ఇమడకూడదో తేల్చేది ఆవిడే. పలక మధ్యన సాకెట్టు అని ఒక పీట ఉంటుంది. ఏఎండీ కంపెనీ 2016లో తెచ్చిన ఏఎం4 పీటకు 1331 సూదుల ప్రాసెసర్లు సరిపోతాయి. 2022లో వచ్చిన ఏఎం5 పీటకు 1718 స్పర్శబిందువులు. అందులో డీడీఆర్5 మెమరీ తప్ప మరొకటి పట్టదు. మా ఇంట్లో ఉన్నది ఏఎం4 బోర్డు. దానిమీద 2018 నాటి రైజెన్ 5 2600 ప్రాసెసరు, డీడీఆర్4 మెమరీ ఉన్నాయి.

అయినా నాకో అనుమానం. “తప్పు ప్రాసెసరుదేనని ఎలా తేల్చావురా? బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుది కావచ్చు గదా?”

వాడు తల గోక్కున్నాడు. స్నేహితులు అన్నారట. స్నేహితుల మాటమీద నలభైవేలు పెట్టడం నాకు నచ్చలేదు.

ఆ తగవు తీర్చే పరీక్ష ఒకటుంది. తెరమీది బొమ్మ కొలతను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించాలి. బొమ్మ చిన్నదైతే గ్రాఫిక్స్ కార్డుకు బరువు తగ్గుతుంది. తప్పు దానిదే అయితే సెకనుకు పడే బొమ్మల సంఖ్య చప్పున పెరగాలి. పెరగలేదంటే, ఆ కార్డుకు పని అందించలేక వెనకబడుతున్నది ప్రాసెసరన్నమాట. సంతలో ఎంతమంది నడుస్తున్నారు, ఎవరు ఎటు తిరిగారు అన్న లెక్కలన్నీ దానివి. బొమ్మ చిన్నదైనంత మాత్రాన ఆ లెక్కలు తగ్గవు.

ఆటలో జనం కిటకిటలాడే వీధికి పోయి చూశాము. పెద్ద బొమ్మలో యాభై చిల్లర. చిన్న బొమ్మలోనూ యాభై చిల్లరే! నేరం ప్రాసెసరుదేనని తేలింది. మావాడు పరీక్ష నెగ్గినవాడిలా నవ్వాడు.

“ఇక తల్లిగారిని అడుగుదాం, పద” అన్నాను.

పెట్టె పక్కతలుపు తీసి, టార్చిలైటు వేసి, బోర్డుమీది పేరు చదివాము. బి450 రకం. ఏ బోర్డు చేసినవారైనా తమ బోర్డు ఏయే ప్రాసెసర్లను అంగీకరిస్తుందో, దానికి ఎన్నో నంబరు బయోస్ కావాలో జాబితా ప్రకటిస్తారు. బయోస్ అంటే కంప్యూటరు కళ్లు తెరవగానే బోర్డు చదువుకునే మొదటి పాఠం. కొత్త పాఠం చెప్పకపోతే కొత్తవాణ్ణి పోల్చుకోలేదు.

జాబితాలో రైజెన్ 5 5600 ఉంది! 2022లో వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసరు. పాతదానికీ ఆరే కోర్లు. కాని ఒక్కొక్క కోరు చేసే పని ఎంతో పెరిగింది. ఆటలకు కావలసింది ఆ చురుకే.

ఈ వరం సులభంగా దొరికింది కాదు. 2020 మే నెలలో ఏఎండీవారు, రాబోయే ప్రాసెసర్లకు బి450 బోర్డులు పనికిరావని ప్రకటించారు. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. ఆ నెల తిరక్కుండానే కంపెనీవారు మనసు మార్చుకున్నారు. ఆ గగ్గోలు ఫలం ఇన్నేళ్లకు మా ఇంటిదాకా వచ్చింది.

ఇంకొక్క జాగ్రత్త. జాబితాలో పేరున్నంత మాత్రాన ఆశపడి అన్నిటికన్నా పెద్దది తెచ్చిపెట్టకూడదు. ప్రాసెసరుకు విద్యుత్తును పాళ్లు చూసి వడ్డించే భాగం బోర్డుమీద ఉంటుంది. చవక బోర్డులో అది బలహీనంగా ఉంటుంది. తిండిపోతు ప్రాసెసరును కూర్చోబెడితే ఆ భాగం కాగిపోయి, ప్రాసెసరు వేగాన్నే తగ్గించేస్తుంది. 5600కు రాసిపెట్టిన లెక్క 65 వాట్లు. పాత 2600కూ అంతే. మా బోర్డు మోయగలదు.

సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాము. మొదటి దుకాణదారు పాత బోర్డు పేరు వినగానే పెదవి విరిచి, కొత్త సెట్టుకు లెక్క కట్టబోయాడు. మావాడు నావైపు చూడకుండానే, “వద్దండీ, ప్రాసెసరు చాలు” అన్నాడు. నాకు ముచ్చటేసింది.

రాత్రి అసలు పని. బయోస్ పాఠం పాత ప్రాసెసరు ఉండగానే చెప్పాలి. కొత్తది పెట్టాక చెబుదామంటే తెర వెలగదు. పాఠం మధ్యలో కరెంటు పోయిందా, బోర్డు చచ్చినంత పని అవుతుంది. మా వీధి కరెంటు సంగతి నాకు తెలుసు గనక కంప్యూటరును ఇన్వర్టరుకు తగిలించాము. ఆ అయిదు నిమిషాలూ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పని పూర్తయిన పావుగంటకు కరెంటు పోనే పోయింది!

ఏఎం4లో సూదులు ప్రాసెసరు అడుగునే ఉంటాయి. పైనున్న ఫ్యానుకు పూసిన లేపనం ఎండి, ఒక్కలాగు లాగితే ప్రాసెసరు కూడా ఊడివచ్చి సూదులు వంగిపోతాయి. అందుచేత ముందు కాసేపు ఆట ఆడి వేడెక్కనిచ్చి, కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యానును అటూ ఇటూ మెల్లగా తిప్పి తీశాడు. కొత్తదాన్ని మూల గుర్తు చూసి కూర్చోబెట్టాడు. నొక్కనక్కరలేదు. సరిగా పెడితే తనంతట తనే దిగుతుంది.

అదే వీధికి పోయి చూశాము. యాభై చిల్లర ఎనభై దాటింది. నలభైవేలలో మూడోవంతు కూడా ఖర్చు కాలేదు.

అందరికీ ఇదే మందు అనను. ఏఎం4 దారి దాదాపు చివరికి వచ్చింది. అంతా కొత్తగా కొనేవారికి ఏఎం5 మేలు. 2027దాకా, ఆపైనా ఆ పీటకు ప్రాసెసర్లు తెస్తామని కంపెనీవారు మాట ఇచ్చారు. ఇంటెల్ వైపు చూసేవారు పీట ఆయుర్దాయం కూడా చూసుకోవాలి. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 స్థానంలో 2024లోనే ఎల్‌జీఏ 1851 వచ్చింది. పైగా 2025 చివర మెమరీ ధరలు మండిపోయాయి. ఇంట్లో మంచి డీడీఆర్4 ఉన్నవారు దాన్ని పారేసేముందు రెండుసార్లు ఆలోచించాలి.

మిగిలిన డబ్బు వాడు బ్యాంకులో వేసుకున్నాడు. రాత్రి పదింటికి నా గది తలుపు తట్టి, “ఒక ఆట ఆడతారా నాన్నా?” అన్నాడు. ఆడాను. మూడు నిమిషాల్లో నన్ను నాలుగుసార్లు చంపాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.