యింటి గొడవ వొక్క యింటిదే కాదు

రైతుకూలీల సమస్యలంటే కూలిరేట్లు, భూమి, యిళ్లస్థలాలు అని అందరికీ తెలుసు. అయితే పగలంతా ఎండలో వొళ్లు విరుచుకుని యిల్లు చేరిన మనిషికి అక్కడ కూడా నెమ్మది లేకపోతే, దాన్ని ఏ జాబితాలో చేర్చాలి? అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటాడు. మగాడు కూలిడబ్బులు బెల్టుషాపులో వొదిలి వస్తాడు. ఆడమనిషి దెబ్బలు తింటుంది. పిల్లవాడు బడి మానేస్తాడు. వొకరికి నిద్ర పట్టదు, యింకొకరికి బతుకు మీదే విరక్తి పుడుతుంది. "యింటి గుట్టు, బయటపెట్టగూడదు" అని అందరూ నోరు మూసుకుంటారు.

డబ్బున్నవాడు పట్నం పోయి ఫీజు కట్టి మానసిక వైద్యుణ్ణో, కుటుంబ సలహాదారునో కలుస్తాడు. పేదవాడికి మిగిలేది తాయెత్తు, భూతవైద్యుడు, లేదా పెద్దమనుషుల పంచాయితీ. "ఆడదానివి, నువ్వే సర్దుకుపోవాలి" అనే తీర్పు ఆ పంచాయితీల్లో ఎన్నిసార్లు వినలేదు?

నిజానికి యీ సాయం పేదలకు దయాధర్మం కాదు, హక్కు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. 1996 నుంచి దాన్ని జిల్లాలకు తేవటం ఆరంభించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం దారిద్య్రరేఖకు దిగువనున్న మానసిక రోగికి, కార్డు వున్నా లేకున్నా, ప్రభుత్వ వైద్యం ఉచితంగా అందాలి. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన వొత్తిడిలో వున్నవాడిగా చూడాలని, శిక్షించకుండా ఆదుకోవాలని అదే చట్టంలోని 115వ సెక్షను చెబుతోంది. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్‌కు 14416 నెంబరు మీద రాత్రీ పగలూ ఫోను చేసి తెలుగులోనే బాధ చెప్పుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు.

హింసకు గురైన ఆడవాళ్లకు 181 నెంబరు వుంది. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. అక్కడ సలహాతోపాటు వైద్య, పోలీసు, న్యాయ సహాయం, కొద్దిరోజులు తలదాచుకునే చోటు దొరకాలి. కోర్టుకు పోవలసివస్తే 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఉచితంగా వకీలును పెట్టాలి.

వొక మాట గట్టిగా చెప్పాలి. సలహా అంటే దెబ్బలు తినే మనిషిని సర్దుకుపొమ్మనటం కాదు. 2005 గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాలు చూడండి. కోర్టు పంపిన సలహాదారు ముందు, కొట్టినవాడు తన హింసకు ఏ సాకూ చెప్పుకోవటానికి వీల్లేదు. మళ్లీ జరగనివ్వనని హామీ రాబట్టటమే అక్కడ ముఖ్యం. కాపురం నిలబెట్టే పేరుతో ఆడదాని నోరు నొక్కే పంచాయితీకి, దీనికీ తేడా మన కార్యకర్తలు ముందుగా తెలుసుకోవాలి.

"కూలి పెరిగితే, అప్పు తీరితే యివన్నీ వాటంతటవే పోతాయిగదా?" అని కొందరంటారు. అప్పు తీరందే బెంగ పూర్తిగా తీరదు, నిజమే. సలహాకేంద్రం చూపించి కూలిపోరాటాన్ని పక్కకు నెడితే మేము వొప్పుకోము. కాని కుంగిపోయిన మనిషి అందాకా బతికి వుండాలి గదా! పైగా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు యింటి గుట్టని వూరుకుని వుంటే సారా వ్యతిరేక పోరాటం పుట్టేదా? ఎవరి యింట్లో వారు ఏడ్చుకుంటున్న బాధను బజారులో పెట్టారు గనకనే 1995లో ప్రభుత్వం మద్యనిషేధం తేవలసివచ్చింది.

కాగితం మీది హక్కు వాడకు చేరటం లేదన్నదే అసలు గొడవ. వైద్యం ఉచితమే కావచ్చు. జిల్లా ఆస్పత్రికి పోవాలంటే వొకరోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు మీద పడతాయి. భార్యాభర్తలిద్దరూ పోతే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే శిక్షణ పొందిన సలహాదారు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ వారానికొకసారైనా, కూలీలు పనుల నుంచి తిరిగొచ్చే వేళకు రావాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఖాళీలుంటే భర్తీ చేయాలి.

దీన్ని కూలిరేట్ల పక్కనే మన కోర్కెల పత్రంలో రాయాలి. అంతవరకు ప్రతి గ్రామశాఖా ఆ నెంబర్లను సంఘం ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. వొంటరిగా పోవటానికి జంకే అక్కకో, తమ్ముడికో తోడు పోవటానికి యిద్దరు కార్యకర్తలను ఏర్పాటు చేయాలి. విన్న సంగతి మరొకచోట చెప్పకపోవటం వారి మొదటి క్రమశిక్షణ కావాలి. పొలంలో దెబ్బతిన్నవాడి పక్కన నిలబడే సంఘం యింట్లో కుంగిపోతున్న మనిషి పక్కన కూడా నిలబడాలి.