ఒక ఘటం పోతే బండి పోవాలా?

కారు సంగతి తెలుగు మాస్టారికెందుకని నవ్వుకోకండి. గత వేసవిలో మసాచుసెట్స్‌లో మా అబ్బాయి ఇంట ఉన్నాను. వాడికి పదమూడేళ్ళనాటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారొకటి ఉంది. ఇంట్లో ఛార్జి చేస్తే కొంత దూరం విద్యుత్తుతో, ఆపైన పెట్రోలుతో నడిచే బండి. ఒకనాడు విద్యుత్తుతో నడవడం మానేసింది. మరమ్మతుశాలవారు పరీక్షించి, కొన్ని సెల్స్ నీరసించాయి కనుక బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు. దానికయ్యే ఖర్చు కారు విలువను మించింది. "తుక్కుకి ఇచ్చేద్దాం నాన్నగారూ" అన్నాడు మావాడు. నాకు మనసొప్పలేదు.

సెల్‌ను మన పాఠ్యపుస్తకాలు 'ఘటం' అనేవి. మావాడి కారు వేరు గాని, ఇలాంటి బ్యాటరీల అమరిక తెలియడానికి 2011 నాటి షెవర్లే వోల్ట్‌ను చూడండి. అందులో 288 ఘటాలు. మూడేసి ఒక జట్టు. ఆ 96 జట్లు గొలుసుగా కలిసి ఉంటాయి. గొలుసులో ఒక్క జట్టు డస్సినా, తక్కినవాటిలో మిగిలిన శక్తి నిరుపయోగమే.

ఒక పాదంలో గణం తప్పితే పద్యం కుంటుతుంది. అలాగని గురువు శిష్యుడి శతకాన్ని చింపెయ్యడు. ఆ మాట తీసి మరొకటి వేయిస్తాడు. కొత్త మాట ఎంత అందమైనదైనా గణానికి ఒదగాలి, యతి చెల్లాలి. ఇక్కడా అంతే. ముసలి ఘటాల నడుమ సరికొత్తది పొసగదు. సామర్థ్యమూ, అంతర్నిరోధమూ దగ్గరగా ఉన్నదాన్ని ఎంచి, వోల్టేజి సమం చేసి అమర్చాలి. వందల వోల్టులతో వ్యవహారం. శిక్షణ లేనివారు చెయ్యి పెట్టరాదు.

"తక్కినవీ ముసలివే, రేపు మరొకటి పోదా?" అంటారు. సబబైన మాటే. కాని ఆ బేరీజు యజమాని వేసుకోవాలి. తయారీదారులు విడి భాగాలు అమ్మాలి, పరీక్షా సమాచారం బయటి మెకానిక్కులకూ ఇవ్వాలి. కార్ల మరమ్మతు హక్కుకు 2012లోనే చట్టం చేసిన రాష్ట్రం మసాచుసెట్స్. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన ప్రకారం, 2027 ఫిబ్రవరి నుండి విద్యుత్ సైకిళ్ళ వంటి తేలిక వాహనాల బ్యాటరీలో ఒక్కొక్క ఘటాన్నీ స్వతంత్ర నిపుణుడు మార్చగలిగేలా ఉండాలి. సైకిలుకు దక్కిన న్యాయం కారుకెందుకు దక్కరాదు?

చివరకు ఒక స్వతంత్ర మెకానిక్కు, ప్రమాదంలో దెబ్బతిన్న అదే రకం కారు నుండి ఈడైన భాగాన్ని తెచ్చి, పరీక్షించి బిగించాడు. మునుపటంత దూరం పోదు గాని, పోతోంది.

నా మోకాలు అరిగినప్పుడు వైద్యుడు కీలు మార్చమన్నాడే తప్ప మాస్టారిని మార్చమనలేదు. అందుకే ఈ మొండిఘటం ఇంకా రాస్తోంది. మీరేమంటారు?