విమానం నడిపేవాడు కార్మికుడు కాడా?



కొత్తవలస–కిరండూల్ మార్గంలో పనిచేసే మన రన్నింగ్ సిబ్బందికి జగదల్‌పూర్ కొత్త ఊరు కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960 దశకంలో వేసిన ఆ రైలుమార్గం బస్తరు నడిమధ్యగా పోతున్నది గాని, బస్తరు జనానికి ఒరగబెట్టినది తక్కువ. జగదల్‌పూర్ నుండి తన రాష్ట్ర రాజధాని రాయపూర్‌కు పోవలసినవాడు సుమారు మూడు వందల కిలోమీటర్లు బస్సులో కూర్చోవలసినదే. అందుచేతనే ‘ఉడాన్’ పథకం క్రింద 2018 జూన్ 14న జగదల్‌పూర్–రాయపూర్ విమానం ప్రారంభమైనప్పుడు జనం సంతోషించారు. ఎయిర్ ఒడిశా సంస్థ నడిపిన ఆ సర్వీసు నిలువలేదు. 2020 సెప్టెంబరు 21న ప్రభుత్వరంగ సంస్థ అలయన్స్ ఎయిర్ తన ఏ.టి.ఆర్. విమానాలతో హైదరాబాదు–జగదల్‌పూర్–రాయపూర్ సర్వీసు మొదలుపెట్టింది. 2024 మార్చి 31 నుండి ఇండిగో కూడా వచ్చింది.

హవాయి చెప్పులు తొడిగినవాడు సైతం విమానం ఎక్కాలన్నది ఈ పథకపు నినాదం. మంచిదే. కాని ఆ విమానాన్ని నడిపేవాడి సంగతి ఏ ప్రారంభోత్సవ సభలోనూ ప్రస్తావనకు రాలేదు. ఆ ప్రస్తావన మనమే తేవలసి ఉన్నది.

ఈ మాట ఎత్తగానే మన శాఖల సమావేశాలలోనే ఒక ప్రశ్న వస్తుంది: “లక్షలలో జీతం తీసుకునేవాడికి యూనియన్ ఎందుకండీ?” ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. గ్రామీణ డాక్ సేవకునికి, పైలట్‌కు ఉన్న అంతరం ఆకాశానికి భూమికి ఉన్నంత ఉన్నది. అయితే జీతం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఆ జీతాన్ని నిర్ణయించే బల్ల వద్ద అతనికి కుర్చీ ఉన్నదా లేదా అన్నది వేరొక ప్రశ్న. రెండవదానికి సమాధానం సేవకునికీ పైలట్‌కూ ఒకటే అవుతున్నది.

ముందు జీతం సంగతే చూద్దాం. పైలట్ లైసెన్సుకు 200 గంటల విమాన శిక్షణ కావాలి. ఆపైన ఒక్కొక్క రకపు విమానానికి విడిగా అర్హత సంపాదించాలి. ఈ ఖర్చు చాలామంది విషయంలో తల్లిదండ్రులు ఇల్లో పొలమో తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు. లక్షల జీతం చేతికి రాకముందే లక్షల అప్పు నెత్తిమీద ఉంటుంది. పైగా ప్రాంతీయ విమానాలు నడిపేవాడి వేతనం పెద్ద జెట్ విమానాలు నడిపేవాడి వేతనంకన్నా తక్కువ. పని మాత్రం తక్కువ కాదు. చిన్న దూరాల సర్వీసులో ఒక్క రోజులోనే పలుమార్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం; వాటిలో కొన్ని కొండల నడుమ, వానాకాలపు మబ్బులలో, సౌకర్యాలు తక్కువగా ఉన్న చిన్న రన్‌వేల మీద.

ఉడాన్ పథకం నడిచే తీరే ఈ తక్కువతనానికి ఊతమిస్తున్నది. ప్రభుత్వ సహాయధనం ఎవరు తక్కువ అడిగితే వారికే మార్గం దక్కుతుంది. ఇంధనం ధర సంస్థ చేతిలో లేదు. విమానాల అద్దె డాలర్లలో చెల్లించాలి. టిక్కెట్లలో ఒక భాగానికి ధర పరిమితి ఉన్నది. అప్పుడు కోతపెట్టడానికి మిగిలేది ఏమిటి? లెక్కలు తెలిసిన పోస్టల్ అసిస్టెంటుకు నేను వివరించనక్కరలేదు.

ఇక పదోన్నతి. మన శాఖలలో ప్రమోషన్ ఆలస్యమైతే కనీసం సీనియారిటీ జాబితా అనేది ఒకటి ఉంటుంది; దానిమీద పోట్లాడవచ్చు, కోర్టుకు పోవచ్చు. అలయన్స్ ఎయిర్‌లో పైలట్లను నిర్ణీత కాలపు కాంట్రాక్టు మీద తీసుకునే పద్ధతి నడిచింది. గడువు ముగిస్తే పొడిగింపు యాజమాన్యం దయ. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల పరమైనప్పుడు ఈ సంస్థ ప్రభుత్వం వద్దనే మిగిలింది. పెద్ద విమానాలకు పోయే మెట్లు అవతలి ఇంటికి పోయినవి. మరి వేరే సంస్థకు పోదామంటే? 2017లో పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ విధించిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఒక సంవత్సరం ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పోయినచోట సీనియారిటీ మళ్ళీ మొదటినుండి. ఉండనిచ్చేందుకు హామీ లేదు, పోనిచ్చేందుకు మనసు లేదు! కోవిడ్ కాలంలో కోసిన వేతనాలను పునరుద్ధరించలేదని 2022లో ఆ సంస్థ పైలట్లు ఆందోళనకు దిగవలసి వచ్చింది. యజమాని ఎవరో కాదు, మన యజమానియే.

సంఘం పెట్టుకుంటే ఏమవుతుంది? 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకుంటే ఇద్దరిని తొలగించారు. సెప్టెంబరులో పైలట్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టి ఐదు రోజులు విమానాలు నిలిపిన తరువాతనే యాజమాన్యం దిగివచ్చింది. 2011లో సమాన వేతనం కోరి ఎయిర్ ఇండియాలో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేస్తే వారి సంఘానికి గుర్తింపు రద్దు చేశారు. తపాలా సోదరులకు ఈ కథ ఎక్కడో విన్నట్లున్నదా? 2023 ఏప్రిల్‌లో ఎన్.ఎఫ్.పి.ఇ.కి, గ్రూపు సి ఉద్యోగుల సంఘానికి గుర్తింపు రద్దు చేసిన చేయి ఇదే.

పైలట్ల తప్పు లేదని నేను అనను. 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. దేనిమీద? కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు కూడా ఇస్తే తమ పదోన్నతి దెబ్బతింటుందని! ఒకే సంస్థలో రెండు సంఘాలు, ఒకరి మెట్టు మరొకరికి అడ్డమన్న భావన. యాజమాన్యం సంఘం గుర్తింపును రద్దుచేసి, అనేకమంది పైలట్లను తొలగించింది. కేడరు తగాదాలలో మనమూ తక్కువ తినలేదు గనుక ఈ విషయం ఇంతటితో వదులుతున్నాను.

అసలు చిక్కు చట్టంలో ఉన్నది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ‘ప్రజోపయోగ సేవ’ను నిర్వచించిన చోట రైల్వేను, విమాన రవాణాను ఒకే ఉపనిబంధనలో చేర్చింది, తపాలా, తంతి, టెలిఫోనులను దాని క్రిందనే పెట్టింది. సమ్మెకు కళ్ళెం వేయవలసి వచ్చినప్పుడు మనమందరం ఒక కుటుంబం! హక్కు ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం పైలట్ ‘కెప్టెన్’ అయిపోతాడు, పర్యవేక్షకుడు అయిపోతాడు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం నెలకు 18,000 రూపాయలు మించి పొందే పర్యవేక్షక ఉద్యోగి ‘కార్మికుడు’ కాడు. సంఘంలో చేరవచ్చు; తొలగిస్తే పారిశ్రామిక వివాదం లేవదీయడానికి మాత్రం ముందు తాను కార్మికుడనని రుజువు చేసుకోవాలి. కో-పైలట్ ప్రక్కన కూర్చున్నంత మాత్రాన కెప్టెన్ పర్యవేక్షకుడైతే, అసిస్టెంట్ ప్రక్కన ఉన్న లోకో పైలట్ ఏమవుతాడు? ఆ 18,000 గీతను మన డ్రైవరు ఎప్పుడో దాటినాడు. ఇదే కోడ్ సగంమందికి తక్కువ కాకుండా ఒకే రోజున కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెయే అంటున్నది.

విశ్రాంతి విషయం కూడా వేతనంతో ముడిపడినదే. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో వద్ద కోల్గన్ ఎయిర్ ప్రాంతీయ విమానం కూలి 50 మంది మరణించారు. దాని కో-పైలట్ జీతం ఏడాదికి సుమారు 16 వేల డాలర్లు. ఆమె దేశపు ఆ చివరనుండి రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. కెప్టెన్ తప్పుడు స్పందనయే కారణమని దర్యాప్తు తేల్చినా, అలసట ఇద్దరి పనితీరునూ దెబ్బతీసి ఉండవచ్చునని కూడా చెప్పింది. మన దేశంలో వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచే నిబంధన 2024లో వచ్చి, వాయిదాపడి, ఢిల్లీ హైకోర్టు ప్రమేయంతో 2025లో దశలవారీగా అమలైంది. ఆ డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దుచేయగానే, సడలింపు లభించినది సంస్థకే. మన లోకో రన్నింగ్ సిబ్బంది 1973 ఆగస్టులో సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ తెచ్చుకున్నప్పుడు కూడా “బండ్లు ఆగిపోతాయి” అన్నారు.

కాబట్టి మన శాఖలు చేయవలసిన పని ఒకటున్నది. అలయన్స్ ఎయిర్ ప్రభుత్వ సంస్థ. ప్రభుత్వం అక్కడ ఏది చెల్లించుకుంటే అదే మనమీదికి తెస్తుంది. అక్కడి పైలట్లకు క్రమబద్ధమైన పోస్టులు, ప్రచురిత సీనియారిటీ జాబితా, గుర్తింపు పొందిన సంఘంతో వేతన ఒప్పందం కావాలనీ, విమానం గాని రైలు గాని నడిపేవాడిని పర్యవేక్షకుడనరాదనీ జగదల్‌పూర్, విశాఖ, రాయపూర్, హైదరాబాదు శాఖలు తీర్మానాలు చేసి పౌర విమానయాన, కార్మిక మంత్రిత్వశాఖలకు పంపాలి. ప్రతిని పైలట్ల సంఘాలకు కూడా పంపండి. వారు జవాబు వ్రాయకపోతే రెండవసారి పంపండి.