ఈస్ట్‌కీ ఉంది ముందుచూపు!

బన్నుల పిండిలో కలిపే ఈస్ట్ వట్టి పొడి కాదండీ, ప్రాణమున్న కణాలు. పంచదార దొరికినంతకాలం, గాలి సరిగ్గా ఆడకపోయినా, దాన్ని పులియబెట్టుకుంటూ బతికేస్తాయి. పిండి పొంగేది అందుకే. మరి తిండికి కరువొస్తే?

అప్పుడు చూడాలి దాని ముందుచూపు! నైట్రజన్ అందక, పంచదార అయిపోయి, ఎసిటేట్ లాంటిదేదో మాత్రమే మిగిలితే, రెండు సెట్ల క్రోమోజోములున్న ఈస్ట్ కణం తన లోపల నాలుగు సిద్ధబీజాలు కట్టుకుంటుంది. గట్టి గోడలున్న ఈ బీజాలు ఎండిపోయినా తట్టుకుని, మంచిరోజుల కోసం కాచుకుని ఉంటాయి.

ఇంత పనికి శక్తి ఎక్కడిదంటారా? కణంలోని మైటోకాండ్రియాది. ఆక్సిజన్ సాయంతో ఎసిటేట్ నుంచి శక్తి తీసేవి అవే.

1949లో పారిస్‌లో బోరిస్ ఎఫ్రుస్సి బృందం శ్వాసక్రియ దెబ్బతిన్న ఈస్ట్‌ని వర్ణించింది. చిన్న చిన్న చుక్కల్లా పెరుగుతుంది గనక దాన్ని ‘పెటిట్’ అన్నారు, అంటే ఫ్రెంచిలో చిన్నది అని. మైటోకాండ్రియా సరిగ్గా పనిచేయని ఈ ఈస్ట్ పంచదారని పులియబెడుతుంది గానీ, సిద్ధబీజాలు మాత్రం కట్టలేదు. పొంగడం వేరు, కరువుని దాటడం వేరు!

ఇంకో విశేషం. తల్లికణంలోని మైటోకాండ్రియా అంతా పిల్లలకి పోదు. కొంత బీజాల్లోకి చేరుతుంది, మిగిలింది తల్లితోపాటే కరిగిపోతుంది.

అన్నట్టు, మనం కొనే పాకెట్‌లోవి సిద్ధబీజాలు కావు, ఎండబెట్టిన మామూలు కణాలే. వాటికంత ఓర్పు ఉండదు. తెరిచిన పాకెట్‌ని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు పంచదారతో కలిపి చూడండి. నురగ వస్తే ప్రాణం ఉన్నట్టే!