గ్లాసుల చప్పుడు ఉండనివ్వండి

మా మరిది కొత్తగా ఖరీదైన హెడ్‌ఫోన్లు కొన్నాడు. బిల్ ఎవాన్స్ బృందం విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించిన జాజ్ రికార్డు వాటిలో విని, "పియానో బాగానే ఉంది గాని వదినా, ఆ గ్లాసుల గలగలలేమిటి, ఆ కబుర్లేమిటి! ఇప్పుడవన్నీ తీసి పారెయ్యొచ్చుగా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తీసి పారెయ్యడానికి అవేమన్నా బియ్యంలో రాళ్ళా?

అది 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లో నేలమాళిగలో ఉన్న చిన్న క్లబ్బు. మధ్యాహ్నం, రాత్రి కలిపి అయిదు విడతలు వాయించారు. మొదటి పాట మధ్యలో కరెంటు పోయి రికార్డింగు తెగింది కూడా. బాస్ వాయించిన స్కాట్ లఫారోకి పాతికేళ్ళు. పదకొండు రోజులకి, జూలై 6న, కారు ప్రమాదంలో పోయాడు. ఆ గ్లాసులు పట్టుకున్న వాళ్ళకి ఆ సంగతేం తెలుసు? హాయిగా నవ్వుకుంటున్నారు. ఆ నవ్వుల కింద అతని తీగ మోగుతుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

అలాగని ప్రతి లోపాన్నీ నెత్తిన పెట్టుకోమనను. 1953లో టొరంటో మాసీ హాల్ కచేరీ టేపులో బాస్ సరిగా వినబడలేదని మింగస్ తర్వాత మళ్ళీ వాయించి కలిపాడు. వాయిద్యమే వినబడకపోతే ఇంకేం వింటాం! కాని, జనం వినబడటం కూడా లోపమేనా?

అసలు మన ఆడవాళ్ళం ఏ పాటని నిశ్శబ్దంలో విన్నాం చెప్పండి? కుక్కరు కూత, కుళాయి ధార, పిల్లల పోట్లాట మధ్యనేగా! మా మరిది తలుపేసుకుని వింటాడు. లోపలికొచ్చి బల్లమీద కాఫీ గ్లాసు పెట్టి వెళ్ళిన చప్పుడు మాత్రం ఆ హెడ్‌ఫోన్లలో వినబడదు పాపం.